గిటారు మీద జముకు

జంగ్లీఘాట్, పోర్ట్ బ్లెయిర్
సోమవారం

అన్నయ్యకీ వదినకీ పార్వతి నమస్కారాలు. నేనిక్కడ బాగున్నాను. మీ ముగ్గురూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. వదిన మోకాలి నొప్పి ఎలా ఉంది? నూనె కాచి రాసుకుంటోందా, మళ్ళీ అశ్రద్ధ చేస్తోందా? బుజ్జికి కాలేజీ బస్సు వేళకి దొరుకుతోందా? చుక్కావు ఈనిందో లేదో రాయి. ఈనితే పెయ్యో కోడెదూడో కూడా రాయి.

ఫోనుండగా ఉత్తరమేమిటని అనుకుంటావు. ఫోన్లో నువ్వు "ఊఁ" అంటావు. ఆ తర్వాత చప్పుడుండదు. సిగ్నలు పోయిందో, నువ్వే మాట్లాడడం మానేశావో నాకు తెలియదు. ఈసారి చెప్పవలసిన సంగతికి "ఊఁ" సరిపోదు. అందుకే స్కూలు నుంచి తెల్లకాగితాలు తెచ్చుకుని కూర్చున్నాను. ముందు నువ్వొక్కడివే చదువుకో. తర్వాత వదినకివ్వాలో వద్దో నీ ఇష్టం.

నా గురించి బెంగ వద్దు. ఒంట్లో బాగానే ఉంది, వేళకి తింటున్నాను. గది కూడా బాగానే ఉంది. మేడమీద గది, కిటికీ తీస్తే పడవలు కనిపిస్తాయి. ఇక్కడ తెల్లవారుజామున అయిదుకే ఎండ వచ్చేస్తుంది, సాయంత్రం అయిదున్నరకే దీపాలు పెట్టేస్తారు. నాలుగు నెలలైనా నా ఒంటికి ఆ లెక్క అలవాటు కాలేదు. వానలు మొదలైతే వారం రోజులు బట్టలు ఆరవు. చేపలకి కరువు లేదు. కూరగాయలు చాలావరకు ఓడలో రావాలి, ఓడ ఆలస్యమైతే టమాటా కంటికి కనపడదు. మన రేవులో దొరికే కవళ్ళ చేపలు ఇక్కడా దొరుకుతున్నాయి. ఒక్కదానికి సరిపడా వండుకోవడమే నాకు రాలేదు. పులుసు ఎక్కువైపోతుంది, మర్నాడూ అదే తింటాను.

స్కూల్లో పిల్లలు మంచివాళ్ళు. తెలుగు గలగలా మాట్లాడతారు, రాయమంటే తల గోక్కుంటారు. మొన్న ఒక పిల్ల "మా అమ్మ మచ్చీ బేచుతాది" అని రాసింది. ఎర్ర పెన్ను ఎత్తాను, మళ్ళీ దించేశాను. వాళ్ళమ్మ చేపలే అమ్ముతుంది, ఆ పిల్ల ఇంట్లో అనుకునేదీ అలాగే. ఏం దిద్దను?

స్కూల్లో నేను "తెలుగు మేడమ్"ని. ఇంటిగలావిడకి "దీదీ"ని. పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఒక్కరూ లేరు. మా ఆయన పోయాక మీ ఇంట్లో ఉన్న మూడేళ్ళూ వదిన రోజుకి ఇరవైసార్లు "పార్వతీ" అని కేకేసేది, నేను లోలోపల విసుక్కునేదాన్ని. ఆ విసుగు తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తోంది. వదినతో చెప్పు.

ఇక అసలు సంగతికి వస్తాను.

ఆరు వారాల కిందట ఒక ఆదివారం మధ్యాహ్నం వాన వెలిసింది. బట్టలు ఆరేద్దామని డాబా మీదికి వెళ్ళాను. కింద సందులోంచి ఎవరో గిటారు వాయిస్తున్న చప్పుడు. ఇక్కడ గిటారు కొత్త కాదు. మా స్కూల్లో పనిచేసే నికోబారీ మాస్టారు ప్రార్థనకి గిటారే వాయిస్తాడు. కానీ ఇది వేరు. ఒకే ఒక్క లావు తీగ. లాగినకొద్దీ పైకి లేస్తోంది, వదిలినకొద్దీ జారిపోతోంది, మనిషి మూలిగినట్టు. మధ్యమధ్యలో చెక్క మీద అరచేతి దెబ్బ. తడి చీర నా చేతుల్లో అలాగే ఉండిపోయింది. అన్నయ్యా, అది జముకు దరువు. నాకు అయిదేళ్ళప్పుడు మనింట్లో ఆగిపోయింది. నాకు గుర్తుందని నాకే తెలియదు.

కిందికి దిగి వెళ్ళాను. పడవలకి తాళ్ళు, వలలకి బెండ్లు అమ్మే దుకాణం ముందు, నైలాను తాడు చుట్ట మీద కూర్చుని ఒక ముప్ఫై ఏళ్ళ అమ్మాయి వాయించుకుంటోంది. అందులోనే పని చేస్తుందట. పేరు నీలవేణి, అందరూ నీలూ అంటారు.

"ఎవరి దగ్గర నేర్చుకున్నావమ్మా?" అని అడిగాను.

"సీఖింది ఏం లేదు దీదీ. నాన్న బజాయిస్తా ఉండేవారు, నేను చూస్తా ఉండేదాన్ని. బస్."

"మీదేవూరు?"

"ఫెరార్గంజ్."

"మీ నాన్నగారిది?"

"ఆంధ్రా. శ్రీకాకుళం సైడ్. గావ్ పేరు నాకు మాలూమ్ లేదు దీదీ. అడిగితే నాన్నకి గుస్సా వచ్చేస్తాది."

వాళ్ళ నాన్న పేరడిగితే అప్పన్న అంది. మన వైపు ఊరికి పదిమంది అప్పన్నలుంటారు. అయినా నేను పక్కనే ఉన్న మరో తాడు చుట్ట మీద కూలబడ్డాను.

అప్పుడు ఆ అమ్మాయికి జముకంటే ఏమిటో చెప్పాను. పాపం, చూసి ఎరగదు. చిన్న డోలులాంటిది, ఒకవైపే తోలు, ఆ తోలు మధ్యనుంచి ఒక నరం, డోలు చంకలో ఇరికించుకుని నరాన్ని బిగిస్తూ వదులుతూ మీటితే ఇదే చప్పుడు వస్తుందని చెప్పాను. మా నాన్న కథ చెబుతుంటే మా చిన్నాన్న అప్పన్న జముకు వాయించేవాడని, చిన్నాన్న ఓడెక్కి వెళ్ళిపోయాక నాన్న మళ్ళీ కథ చెప్పలేదని చెప్పాను. నీలూ గిటారు ఒళ్ళో పెట్టుకుని నా మొహమే చూస్తూ కూర్చుంది. "మా నాన్నే అయితే మీరు నాకు సచ్చీ దీదీ అవుతారు కదా," అంది.

ఆ గిటారు వాళ్ళ మేనమామది. నీలూ తల్లి రాంచీవాళ్ళ పిల్ల. రాంచీ నుంచి తాతల కాలంలో అడవి పనికి వచ్చి ఇక్కడే స్థిరపడిన కుటుంబాలున్నాయి, వాళ్ళలో ఒకరు. వాళ్ళ పెళ్ళిళ్ళలో, ప్రార్థనల్లో గిటారు ఉండవలసిందే. బావమరిది గిటారు ఇంట్లో ఉంటే, దాని లావు తీగని వదులు చేసి, పక్కకి లాగి లాగి జముకు పలికించడం నీలూ నాన్న మొదలుపెట్టాడట. తల్లి పోయి ఆరేళ్ళయింది. రెండేళ్ళ కిందట ఈయనకి పక్షవాతం వచ్చి ఎడమచెయ్యి పడిపోయింది. అప్పటినుంచి నీలూ వాయిస్తోంది. వారమంతా జంగ్లీఘాట్‌లో పని, ఆదివారాలు చాలావరకు ఇంటికి వెళ్తుంది.

మరుసటి ఆదివారం నీలూతో కలిసి ఫెరార్గంజ్ బస్సెక్కాను. రోడ్డు దిగి కాస్త లోపలికి నడిస్తే రేకుల ఇల్లు, వెనకాల పోకతోట. చూరు కింద పీట మీద ఒక ముసలాయన. నాన్న ముక్కే అన్నయ్యా. ఆ చెవులు కూడా.

"ఎవులమ్మా నువ్వు? ఏ వూరు?" అని అడిగాడు.

ఊరి పేరు చెప్పాను. రామ్మూర్తిగారి కూతుర్నని చెప్పాను.

ఆయన నన్ను ఒక్క క్షణం చూశాడు. భుజం మీద తువ్వాలు సర్దుకుని లేచి, ఎడమచెయ్యి వేలాడేసుకుని పోకతోటలోకి వెళ్ళిపోయాడు. ఎంతసేపటికీ రాలేదు. నీలూ టీ ఇచ్చింది, రెండుసార్లు తోటలోకి వెళ్ళి వచ్చింది. "సారీ దీదీ, నాన్న ఎప్పుడూ ఇట్లా చెయ్యరు," అని ఆ పిల్లే కళ్ళు తుడుచుకుంది. చీకటి పడేలోగా బస్సు అందుకోవాలని వచ్చేశాను. ఆ వారం స్కూల్లో ఏం చెప్పానో నాకు గుర్తు లేదు. ఇన్నాళ్ళూ ఇక్కడ నావాళ్ళెవరూ లేరనే బాధ ఒక్కటే ఉండేది. ఉండి కూడా మొహం తిప్పుకున్నారంటే, అది ఇంకో రకం.

అయినా వెళ్ళాను. వెళ్ళక ఏం చేస్తాను, ఆదివారం గదిలో కూర్చుని?

రెండోసారి ఆయన లేచి వెళ్ళలేదు. మాట్లాడనూ లేదు. నీలూ మేనమామ వచ్చి వాళ్ళ రాంచీ పాటలు రెండు పాడాడు. చుట్టూ ఉన్నవాళ్ళు ఒకరి భుజం ఒకరు పట్టుకుని ఊగారు. మాట ఒక్కటీ అర్థం కాకపోయినా నాక్కూడా ఊగాలనిపించింది. తర్వాత ఆ మేనమామే గిటారు నా చేతికిచ్చి, "ట్రై కరో మేడమ్," అన్నాడు. ఈ వయసులో గిటారేమిటని నవ్వకు. వేళ్ళు మంట పుట్టేదాకా నొక్కాను, తీగ పలకలేదు. అప్పుడు పీట మీదనుంచి ఒక గొంతు.

"ఆ ఇనప గీత మీద కాదు గుంటా. దాని ఎనకాల నొక్కు."

ఆయన నాతో ఇష్టపడి అన్న మొదటి మాట అది. నొక్కాను. పలికింది. నేను తలెత్తి చూసేసరికి ఆయన రోడ్డువైపు చూస్తున్నాడు.

మూడో ఆదివారం నేను కూర్చోగానే అడిగాడు. "వొదినుందా?"

అమ్మ పోయి నాలుగేళ్ళయిందని చెప్పాను. కుడిచేత్తో ఎడమచెయ్యి ఎత్తి ఒళ్ళో పెట్టుకున్నాడు. తర్వాత తనే మొదలుపెట్టాడు.

అమ్మవారి పండగలో జరిగింది నువ్వు చూశావు, పదేళ్ళవాడివి. నేను అమ్మ ఒళ్ళో నిద్రపోయాను. కథలో అందరూ ఏడ్చే చోట చిన్నాన్న జముకు మీద సినిమా పాట వాయించాడని, జనం గొల్లున నవ్వారని, నాన్న లేచి అంతమందిలో ఆయన చెంప మీద కొట్టాడని, ఆయన జముకుని చాప మీద పెట్టేసి వెళ్ళిపోయాడని నువ్వే నాకు చెప్పావు. తాగి ఉన్నాడని కూడా చెప్పావు.

"తాగనేదు," అన్నాడు చిన్నాన్న. "ఏ వూరెల్లినా అదే కత. ఆ సోటికొచ్చేసరికి ఆడోళ్ళందరూ కొంగులెట్టుకుని ఏడుపు. సూసి సూసి, ఒక్కసారి ఈళ్ళని నవ్వించాలనిపించింది. నవ్వేరు. అంతే తల్లీ. అన్న కొట్టేడని కాదు నాను ఎల్లిపోయింది. కొట్టి, నా మొకం సూడనేదు. మళ్ళీ కత అందుకుందారని జనం కేసి తిరిగిపోయేడు."

"ఒక్క ఉత్తరం ముక్క అయినా రాయలేదేం చిన్నాన్నా?"

"నాకు రాతొచ్చేటి? ఒకలిసేత రాయించి, మీ ఇంట్లో ఇంకొకలిసేత సదివించి..." ఆగిపోయాడు. తర్వాత మామూలుగా, నాకు తెలిసిన సంగతే అన్నట్టుగా అన్నాడు. "అన్న పోయినప్పుడు వొచ్చేను కదా."

నాకు అర్థం కాలేదు. ఎక్కడికొచ్చావని అడిగాను.

"మనూరికే. బస్సు దిగేకాడ దాకా."

అన్నయ్యా, నువ్వు నాకెప్పుడూ చెప్పని సంగతి ఆయన చెప్పాడు. మనవైపు పల్లెల నుంచి చేపల పనికి వచ్చినవాళ్ళెవరో జంగ్లీఘాట్ రేవులో చెబితే తెలిసిందట. దొరికిన ఓడెక్కి చెన్నై వెళ్ళి, అక్కడినుంచి రైల్లో, బస్సులో పడి వచ్చేసరికి పన్నెండో రోజు. నువ్వు విస్తరాకుల కట్ట కోసం రోడ్డు మీదికొచ్చి ఉన్నావట. పన్నెండు పదమూడేళ్ళ తర్వాత కూడా నడక చూసి పోల్చుకున్నావట. ఆఖరి రోజుల్లో నాన్న నీ చేత మాట తీసుకున్నాడని, "వాడు నా గడప తొక్కకూడదు" అన్నాడని చెప్పావట.

"నువ్వేమన్నావు?" అని అడిగాను.

"నానేటంతాను? ఆ గుంటడు రోడ్డు మీద వొంగి నా కాళ్ళకి దండమెట్టి మరీ ఎల్లిపొమ్మన్నాడు. ఎనక్కెల్లే బస్సొచ్చేదాకా పక్కనే నిలబడ్డాడు. ఎక్కించి, కిటికీలోంచి నీళ్ళ సీసా ఇచ్చేడు. ఆడ్నేటనగలం?"

ఆ రోజు బస్సులో నేనెలా వచ్చానో నాకు తెలియదు. నీమీద పట్టరాని కోపం వచ్చింది. నీ ఫోను రెండుసార్లు మోగితే ఎత్తలేదు. తలనొప్పి అని మెసేజ్ పెట్టాను కదా, అది అబద్ధం. అమ్మ మంచంలో ఉండి "మీ సిన్నాన్న ఏ దేశంలో ఉన్నాడో, ఉన్నాడో లేడో" అన్నప్పుడు నువ్వు ఆ మంచం మీదే కూర్చుని గోడ కేసి చూశావు. నేను చూశాను. అమ్మకి ఒక్క ముక్క చెబితే ఏం పోయేదన్నయ్యా? నాకు ఇక్కడ ఉద్యోగం వచ్చిందని చెప్పిన రోజున నువ్వు అన్నం ముందునుంచి లేచిపోయావు. చిన్నాన్న ఉన్న చోటికేనని నీకు తెలుసు, నేను దూరం వెళ్ళిపోతున్నానని బాధపడ్డావనుకుని వదిన, నేను ఎంత ఓదార్చాం!

రాయాల్సిన మాటలు రాశాను. కొట్టివెయ్యను. కానీ కోపం నాలుగు రోజులే ఉంది. అయిదో రోజు స్కూల్లో పిల్లలు రాస్తుంటే ఊరికే కూర్చుని లెక్క వేసుకున్నాను. అప్పటికి నీకు ఇరవై మూడేళ్ళు. నాన్న పోయి పన్నెండు రోజులు. ఇంట్లో ఏడుస్తున్న అమ్మ, పెళ్ళి కావలసిన నేను. చచ్చిపోయినవాడి మాట తప్పితే ఏమవుతుందో అని నువ్వెంత భయపడి ఉంటావో అనిపించింది. ఆ మాట నిలబెట్టి ఇరవై అయిదేళ్ళుగా ఒక్కడివే మింగుకుని కూర్చున్నావు. మేమందరం ఒకే ఇంట్లో తిరిగాం, నీతో ఎవరమూ లేము. ఇక్కడికొచ్చి ఒక్కదాన్నే ఉంటే తప్ప నాకది తెలియలేదు.

నిన్న మళ్ళీ వెళ్ళాను. అడగకుండానే చిన్నాన్న నీలూ చేత తీగ వదులు చేయించాడు. "లాగు, ఇంకా లాగు, ఇప్పుడొదిలీ" అని చెప్పి చెప్పి, తను కథ ఎత్తుకున్నాడు. గొంతు పగిలిపోయింది గానీ, శ్రుతి పోలేదు. నేను, మేనమామ, పక్కింటివాళ్ళిద్దరు వింటున్నాం. నాలుగు చరణాలు బాగానే నడిచాయి. అయిదో దాని దగ్గర ఆగాడు. అక్కడ నాన్న అందుకోవాలి. ఆయన నోరు తెరిచి, ఎవరో అందుకుంటారన్నట్టు పక్కకి చూశాడు. నాకు రాదు. ఆడపిల్లకెందుకని నాకు ఎవరూ నేర్పలేదు. నీలూకి దరువు తప్ప కథ తెలియదు, వాళ్ళ నాన్న ఆగాడని కూడా గమనించకుండా వంచిన తల ఎత్తకుండా వాయిస్తూనే ఉంది. ఎంతసేపో ఆ ఒక్క తీగే లేచింది, పడింది. తర్వాత ఆయనే చెయ్యెత్తి ఆపాడు.

"బాగుందమ్మా," అన్నాడు. అని లోపలికి వెళ్ళి పడుకున్నాడు.

ఆ కథ మొత్తం నీకొచ్చు. నాకు తెలుసు. దుక్కి దున్నేటప్పుడు ట్రాక్టరు చప్పుడులో ఎవరికీ వినపడదనుకుని నువ్వు పాడుకుంటావు. క్యారియరు తెచ్చినప్పుడల్లా గట్టు మీద నిలబడి విన్నాను. నువ్వు నన్ను చూడగానే ఆపేసేవాడివి.

నిన్ను రమ్మని అడగకూడదనుకున్నాను. అడుగుతున్నాను. నాన్నకిచ్చిన మాట మన గడప గురించి. చిన్నాన్న గడప గురించి కాదు కదా. నువ్వు ఇటు వస్తే ఏ మాటా తప్పినట్టు కాదు. ఓడలో కష్టం, వాంతులవుతాయి. విమానంలో రా. వదినని కూడా తీసుకురా, గది చిన్నదే గానీ సర్దుకుందాం. ఆయనకి డెబ్బై దాటాయి, రెండోసారి వాతం వస్తే కష్టమని డాక్టరు చెప్పాడట. చోడిపిండి ఒక రెండు కేజీలు మూట కట్టు. "సోడి అంబలి తాగి నలబయ్యేళ్ళయింది" అని అందరి ముందూ అన్నాడు. ఇక్కడ కొట్లో దొరికిన రాగిపిండి తెచ్చి కాచాను. "ఇది సోడి కాదు" అని గ్లాసు పక్కన పెట్టేశాడు. ఆ విషయంలో అచ్చం నాన్నే.

నేను బాగానే ఉన్నాను. మళ్ళీ రాస్తున్నాను, బాగానే ఉన్నాను. వారానికి ఒక్క ఆదివారమే, మిగిలిన ఆరు రోజులూ ఇదివరకులాగే ఉంటాయి, అంతే. సాయంత్రాలు నీలూ దుకాణం కట్టేదాకా గిటారు నా దగ్గరే ఉంచుతోంది. ఎడమచేతి వేళ్ళు కాయలు కాశాయి. తీగ నొక్కినప్పుడు ఇదివరకంత నొప్పి లేదు.

పెద్దలందరికీ నా నమస్కారాలు చెప్పు. బుజ్జికి ముద్దులు. వదినకి ఈ ఉత్తరం ఇచ్చేసెయ్యి, ఆవిడ దగ్గర దాచకు.

నిన్న బయల్దేరే ముందు, నీకు ఉత్తరం రాస్తున్నాను, ఏమైనా చెప్పమంటావా అని చిన్నాన్నని అడిగాను. అక్కర్లేదన్నాడు. నేను చెప్పులేసుకుంటుంటే వెనక్కి పిలిచాడు. ఆయన అన్నది అన్నట్టే రాస్తున్నాను.

"తిరిగెల్లినప్పుడు ఓడలో ఒకల్ని బతిమాలి గుండు సేయించుకున్నాను. అన్నకి నీళ్ళు సముద్రంలోనే ఒదిలేను. తమ్ముడు సెయ్యవలసింది సేసేడని రాయి. ఆ గుంటడు బెంగెట్టుకోవద్దని రాయి."

నీ దీవెన కోరే చెల్లెలు,
పార్వతి